తెలిసీ చెప్పకపోతే

బేతాళ కథలు చదివిన ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక రోజు ఒక అనుమానం వస్తుంది. శవాన్ని భుజాన వేసుకున్న ఆ రాజు నోరు మూసుకుని నడిస్తే పోయేదిగా? శవంలోని బేతాళుడి ప్రశ్నకు బదులు మాట్లాడగానే శవం మళ్ళీ చెట్టెక్కుతుందని మొదటిసారే తేలిపోయింది. అయినా ప్రతిసారీ మాట్లాడతాడు, ప్రతిసారీ వెనక్కి నడుస్తాడు. పిల్లల లెక్కలో విక్రమార్కుడు మహా ధైర్యవంతుడు. కానీ పాపం, దెబ్బ తిని నేర్చుకునే రకం కాదు.

జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడి శాపం కదా అని ఇంట్లో పెద్దవాళ్ళు సర్దిచెప్పేవారు. అది సగం జవాబే. పెద్దయ్యాక ఆ శాపాన్ని నిదానంగా చదివితే అందులో ఒక షరతు కనబడుతుంది. జవాబు తెలియకపోతే రాజు తలకు వచ్చిన ప్రమాదమేమీ లేదు. తెలిసి కూడా చెప్పకపోతేనే పగులుతుంది. మరి తెలుసో తెలియదో తేల్చేదెవరు? బేతాళుడు సాక్షుల్ని పిలవడు, ప్రమాణం చేయించడు. ఆ సంగతి రాజుకొక్కడికే తెలుసు. అంటే శిక్ష వేసే బాధ్యతను బేతాళుడు రాజు తలకే అప్పగించాడు.

తల పగలడమన్న బెదిరింపు మన వాఙ్మయంలో చాలా పాతది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు శాకల్యుణ్ణి ఒక ప్రశ్న అడిగి, చెప్పలేకపోతే నీ తల రాలిపోతుందంటాడు. శాకల్యుడికి తెలియదు. తల రాలిపోయింది. పండితుల సభలో అది తెలియనితనానికి పడిన శిక్ష. బేతాళుడు దాన్ని తిరగేశాడు. అతని దగ్గర తెలియనివాడు క్షేమంగా ఇంటికి పోవచ్చు. తెలిసి ఊరుకున్నవాడికే ముప్పు. ఎనిమిదేళ్ళ పిల్లలు చదివే పత్రికలో నెలనెలా ఈ షరతు అచ్చయ్యేదని ఇప్పుడు తలుచుకుంటే కొంచెం ఒళ్ళు జలదరిస్తుంది. అప్పట్లో మేం శవానికి భయపడ్డాం.

ఆ పత్రిక చందమామ అని వేరే చెప్పక్కర్లేదు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టారు. తరవాత దేశంలోని ఇతర భాషలకూ విస్తరించింది. సంస్కృతంలో ఉన్న బేతాళ కథలు పాతికే. చందమామ మాత్రం పాతికతో ఆగలేదు. చట్రాన్ని అట్టిపెట్టుకుని, లోపల కొత్త కథలు పెడుతూ దశాబ్దాల పాటు నడిపింది. పాఠకులు పంపిన కథల్లో చివర ఒక చిక్కుముడికి వీలున్నది ఏదైనా కనిపిస్తే దాన్ని బేతాళుడి నోట పెట్టేవారు. అలాంటి కథ చివర కుండలీకరణాల్లో చిన్నగా 'కల్పితం' అని ఉండేది. శవం మాట్లాడ్డం, ఎగిరి చెట్టెక్కడం మాకు మామూలే. ఈ ఒక్క కథ మాత్రం కల్పితమట! మిగతావన్నీ నిజంగా జరిగినవన్న నమ్మకాన్ని ఆ ఒక్క మాట ఎంత గట్టిపరిచిందో దాన్ని అచ్చువేసినవాళ్ళకు తెలుసో లేదో.

ఈ కథలను కూర్చోబెట్టి దిద్దిన మనిషి కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో చనిపోయేవరకూ చందమామ ఆయన చేతి మీదుగా నడిచింది. 'చదువు' నవల రాసినవాడు, మార్క్సిస్టు, దయ్యాలనూ దేవుళ్ళనూ సమానంగా నమ్మనివాడు. అలాంటివాడు ఇరవై ఎనిమిదేళ్ళు దయ్యాల కథలు దిద్దాడంటే నవ్వు రావచ్చు. నాకైతే అది ఆ కథల అదృష్టమనిపిస్తుంది. దయ్యాన్ని నమ్మే రచయిత దాన్ని చూపించి భయపెట్టాలని చూస్తాడు. నమ్మనివాడు దానికొక పని అప్పజెప్పి పక్కకు తప్పుకుంటాడు.

ఆ వచనాన్ని ఇప్పుడు చదివితే పనితనం తెలుస్తుంది. రాజు చెట్టు దగ్గరికి తిరిగి వెళతాడు, శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు, మౌనంగా శ్మశానం వైపు నడుస్తాడు. అంతే. శవం రంగేమిటో, బరువెంతో, వాసన ఎలా ఉందో ఒక్క ముక్క ఉండదు. రాత్రి ఎలాంటిదో కూడా చెప్పరు. అదే చందమామ ఇంగ్లీషు కూర్పులో ఈ చోట గాలీ వానా నక్కల ఊళలూ దయ్యాల నవ్వులూ అన్నీ దట్టించి ఉండేవి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తెలుగు వాక్యమే ఎక్కువ భయపెడుతుంది. రాజు ఆ పనిని రోజూ చేసే పనిలా చేస్తున్నాడు. శవాన్ని మోయడం అలవాటైపోయిన మనిషి నక్క ఊళ కంటే భయంకరం కాదూ?

ఆ శీర్షిక పక్కన శంకర్ వేసిన బొమ్మ ఒకటి స్థిరంగా ఉండేది. చేత కత్తి, భుజాన శవం, రాజు నడక. 1952లో చందమామలో చేరిన శంకర్ పత్రిక ఆగిపోయేదాకా అరవై ఏళ్ళ పాటు దానికే బొమ్మలు వేశాడు. 2020లో కన్నుమూశాడు. ప్రతి నెలా అదే బొమ్మ రావడం పిసినారితనం అనుకునేవాళ్ళం. ఇప్పుడు చూస్తే అది భయానికి వేసిన గడియ. చీకటి ఇక్కడ మొదలవుతుంది, మూడు నాలుగు పేజీల తరవాత శవం చెట్టెక్కగానే అయిపోతుంది, వచ్చే నెల దాకా దాని జోలి లేదు. సరిహద్దు తెలిస్తే పిల్లలు ఎంత చీకటిలోకైనా వెళ్ళి వస్తారు.

చందమామలో భయం అనగానే చాలామంది దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ గుర్తుచేసుకుంటారు. 1954లో 'తోకచుక్క'తో మొదలై 1980 దాకా పన్నెండు నడిచాయి. ఆ పత్రికలో సిబ్బంది రాసినవాటికి పేరు వేసే ఆచారం లేదు గనుక ఆయన పేరు చాలామంది అభిమానులకు పెద్దయ్యాకే తెలిసింది. మాంత్రికులు, కపాలాలు, పాడుబడ్డ గుళ్ళు, నరబలికి సిద్ధం చేసిన కుర్రాళ్ళు. వాటికి చిత్రా వేసిన బొమ్మలు ఇప్పటికీ కళ్ళకు కడతాయి. కానీ మళ్ళీ చదివితే ఆ సీరియల్స్‌లో చీకటి పరుగు కోసం ఉన్నదని తెలిసిపోతుంది. ప్రతి భాగం ప్రమాదం అంచున ఆగుతుంది, తరవాతి నెల ప్రమాదం తప్పుతుంది, మరొకటి వస్తుంది. ఊపిరి సలపనివ్వవు, ఆ మాట నిజం. మనసులో దిగబడి ఉండిపోవు. బేతాళుడు అలా కాదు. కథ చెప్పి ఊరుకోడు, అడుగుతాడు.

ఈ అడగడంలోనే పనితనమంతా ఉంది. పంచతంత్రంలో కథ నీతి దగ్గర ఆగుతుంది. బేతాళ కథ తగువు దగ్గర ఆగుతుంది. తగువు నిలబడాలంటే కథలో ప్రతివాడూ ఏదో ఒక లెక్కన ఒప్పై ఉండాలి. ఒక్కడు పచ్చి దుర్మార్గుడైతే ప్రశ్నే పుట్టదు. ఇంకొక నియమం కూడా ఉంది. జవాబుకు కావలసిన ఆధారాలన్నీ ప్రశ్నకు ముందే కథలో పడిపోవాలి, పడినట్టు మాత్రం తెలియకూడదు. రాజు జవాబు చెప్పినప్పుడు మనం వెనక్కి వెళ్ళి చూసుకుంటే ఆ ముక్క అక్కడే ఉండాలి.

మదనసేన కథ ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. పెళ్ళికి ముందు ఒక వర్తకుడి కొడుకు ఆమె మీద మోజుపడి వెంటపడతాడు. అతని బారి నుంచి తప్పించుకోవడానికి, పెళ్ళయ్యాక ముందు నీ దగ్గరికే వస్తానని మాట ఇస్తుంది. పెళ్ళి రాత్రి భర్తకు సంగతి చెబుతుంది. అతను వెళ్ళమంటాడు. నగలతో ఒంటరిగా పోతుంటే దారిలో దొంగ అడ్డగిస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు దొరుకుతానని అతనికీ మాట ఇస్తుంది. దొంగ నమ్మి వదిలేస్తాడు. ఆమె నిజంగానే వచ్చేసరికి వర్తకుడి కొడుకు ఆమెను తాకకుండా పంపేస్తాడు. తిరుగు దారిలో అంతా విని దొంగా వదిలేస్తాడు, నగల్లో ఒక్కటి ముట్టుకోకుండా. ముగ్గురిలో గొప్ప త్యాగం ఎవరిది?

చిన్నప్పుడైతే అందరం భర్తకే ఓటు వేస్తాం. రాజు దొంగ పేరు చెబుతాడు. వేరొకడికి మాటిచ్చి ఉన్న భార్యను ఆపి ఏం లాభమని భర్త వదిలేశాడు. వర్తకుడి కొడుక్కి అప్పటికి మోజు చల్లారింది, పైగా తెల్లారితే ఆమె భర్త రాజుకు చెబుతాడన్న భయం ఉంది. దొంగకు ఏ భయమూ లేదు. అతనిది చీకట్లో చేసుకునే బతుకు, చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. అయినా వదిలాడు. మంచిపనిని కొలిచే తూకం ఇది: చేయకపోతే ఏమవుతుందన్న భయాన్నీ, చేస్తే ఏమొస్తుందన్న ఆశనూ తీసేశాక చేతిలో ఎంత మిగిలింది? పెద్దయ్యాక ఆఫీసులో, బంధువుల్లో, ఎన్నికల్లో ఎంతోమంది త్యాగమూర్తుల్ని చూసినవాళ్ళకు ఈ తూకం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

గయలో మూడు చేతుల కథ కూడా ఇలాంటిదే, ఇంకాస్త నల్లనిది. కొరత వేయబడి ప్రాణం పోతున్న దొంగ ఒకడు, తనకు కొడుకు లేకుండా పోతున్నాడని, ఒక విధవరాలికి బంగారం చూపించి ఆమె కూతుర్ని అక్కడికక్కడే పెళ్ళాడతాడు. అతను చనిపోయాక ఆ పిల్ల డబ్బు పుచ్చుకున్న ఒక బ్రాహ్మణ యువకుడి వల్ల కొడుకును కంటుంది. శిశువును బంగారంతో సహా రాజు వాకిట వదులుతారు. రాజు పెంచి పట్టం కడతాడు. ఆ కొడుకు తండ్రికి పిండం పెట్టడానికి గయ వెళితే నీళ్ళలోంచి మూడు చేతులు లేస్తాయి. ఏ చేతిలో పెట్టాలి? కన్నవాడు డబ్బుకు అమ్ముడుపోయాడు, పెంచినవాడు బంగారం అందుకున్నాడు, కాబట్టి తాళి కట్టిన దొంగదే హక్కు అంటాడు విక్రమార్కుడు. చిన్నప్పుడు నీళ్ళలోంచి లేచిన చేతులే గుర్తుంటాయి. ఇప్పుడు, అన్ని లెక్కల్లోనూ ధర పలికిన ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదన్నది కొడుతుంది.

ఈ పాతిక కథలూ మనకు బాగా తెలిసిన రూపంలో పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో దొరుకుతాయి. అనంతుడి రాణి సూర్యవతి కోసం సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో అవి ఒక భాగం. అదే కాలంలో క్షేమేంద్రుడూ చెప్పాడు, తరవాత శివదాసు, జంభలదత్తుడు వేరేవేరుగా చెప్పారు. సోమదేవుడి రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని ఊరు ఉజ్జయిని కాదు, గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి పైఠణ్. మన గోదావరికే ఎగువన అన్నమాట.

ఆ సంస్కృత మూలంలో ఒక కథ ఉంది. పెద్దయ్యాక ఒక్కటే మళ్ళీ చదవాలంటే నేను దాన్నే చెబుతాను. చంద్రావలోకుడనే రాజు అడవిలో ఒక ముని కూతుర్ని పెళ్ళాడి, వస్తూ దారిలో ఒక రావిచెట్టు కింద నిద్రపోతాడు. ఆ చెట్టు జ్వాలాముఖుడనే బ్రహ్మరాక్షసుడిది. ప్రాణం దక్కాలంటే ఏడేళ్ళ బ్రాహ్మణ బాలుణ్ణి బలి ఇవ్వమంటాడు. ఆ బాలుడు ఇష్టపడి రావాలి, తల్లి చేతులు పట్టుకోవాలి, తండ్రి కాళ్ళు పట్టుకోవాలి, రాజే స్వయంగా నరకాలి. రాజు ఒక బంగారు బొమ్మ చేయించి, రత్నాలు పొదిగించి, ఊరూరా తిప్పి చాటింపు వేయిస్తాడు. బొమ్మతో పాటు గ్రామాలు కూడా ఇస్తానంటాడు. ఒక పేద కుటుంబంలోని ఏడేళ్ళవాడు తనంతట తానే ముందుకొస్తాడు. తల్లిదండ్రుల్ని వాడే ఒప్పిస్తాడు. బలి వేళయింది. తల్లి చేతులు పట్టుకుంది, తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు, రాజు కత్తి ఎత్తాడు. అప్పుడా పిల్లవాడు నవ్వాడు. రాక్షసుడితో సహా అందరూ చేతులు జోడించి నిలబడిపోయారు.

ఎందుకు నవ్వాడు? బేతాళుడి ప్రశ్న అది. ఇందులో గొప్ప ఎవరు, తప్పెవరిది అన్న బేరీజు లేదు. కేవలం ఒక నవ్వుకు అర్థం అడిగాడు. రాజు చెప్పిన జవాబును నా మాటల్లో చెబుతాను. బలహీనుడికి ఆపద వస్తే ముందు అమ్మానాన్నల్ని పిలుస్తాడు. వాళ్ళు లేకపోతే రాజు దగ్గరికి పరిగెడతాడు. రాజూ లేకపోతే దేవుణ్ణి తలుచుకుంటాడు. ఆ పిల్లవాడి ముందు అందరూ ఉన్నారు. అమ్మ చేతులు పట్టుకుని ఉంది, నాన్న కాళ్ళు పట్టుకుని ఉన్నాడు, రాజు కత్తి పట్టుకుని ఉన్నాడు, దేవుడి స్థానంలో ఉన్నవాడు తినడానికి కూర్చున్నాడు. పిలవడానికి ఇంకెవరూ మిగల్లేదు. నేడో రేపో పోయే ఒంటి కోసం వీళ్ళంతా పడుతున్న పాట్లు చూసి నవ్వొచ్చింది.

పిల్లలకు ఈ కథలో ఆ బాలుడి ధైర్యం కనిపిస్తుంది. మూలం కూడా వాడి త్యాగాన్ని పొగుడుతూనే నడుస్తుంది. పొగుడుతూ పొగుడుతూ ఒక్క నవ్వుతో పొగడ్తంతటినీ కూల్చేస్తుంది. ఆ నవ్వు పిల్లవాడి ధైర్యం గురించి కాదు, చుట్టూ నిలబడ్డ పెద్దల గురించి. ఇప్పుడు చదువుతుంటే నేను నిలబడి ఉన్నది ఆ పెద్దల వరసలో. పిల్లవాడి చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఆ చేత్తోనే ఇంకేమేం చేయగలరో తెలిసిన వయసు ఇది. ఇంకో సంగతి. ఆ జవాబు చెప్పినవాడు కూడా రాజే. ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడవలసిన రాజు కత్తి పట్టాడని చెప్పడం తన కులవృత్తి మీద తీర్పు చెప్పడమే. తల పగలకుండా ఉండాలంటే అది చెప్పక తప్పలేదు.

రాజు ప్రతిసారీ ఇంత నిజాయితీగా ఉన్నాడని మాత్రం అనలేను. వీరవరుడి కథ చూడండి. శూద్రక మహారాజు ప్రాణం నిలబడాలంటే కొడుకును బలి ఇవ్వాలని తెలిసి, అతని సేవకుడు వీరవరుడు కొడుకు తల నరుకుతాడు. ఆ దుఃఖానికి కూతురు చనిపోతుంది. భార్య చితి ఎక్కుతుంది. వీరవరుడు తన తలా నరుక్కుంటాడు. ఇదంతా చాటున నిలబడి చూస్తున్న రాజు అప్పుడు వచ్చి తన తల కూడా ఇవ్వబోతే దేవి ప్రత్యక్షమై అందర్నీ బతికిస్తుంది. ఎవరు గొప్ప అంటే, రాజే గొప్ప అంటాడు విక్రమార్కుడు. సేవకుడు ప్రభువు కోసం, భార్య భర్త కోసం చావడం వాళ్ళ ధర్మం, ప్రభువు సేవకుడి కోసం చావబోవడమే విశేషం అట. బేతాళుడు ఊరుకోడు, వీరవరుడో ఆ బాలుడో గొప్ప ఎందుకు కాదని గుచ్చి అడుగుతాడు. రాజు మాట మార్చడు. శూద్రకుడు ఆ కత్తి కాస్త ముందు ఎత్తి ఉంటే పిల్లవాడు బతికేవాడు కదా అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనరు. చదివేవాడే అనుకోవాలి.

అనుకోవడం నేర్పింది కూడా ఈ కథలే. పెద్దయ్యాక మళ్ళీ చదివితే ఇక్కడ జవాబుల కంటే ప్రశ్నల కట్టుబడి గట్టిదని తేలుతుంది. జవాబు ఆ కాలపు ధర్మానికి లోబడి ఉంటుంది. ప్రశ్న అలా లోబడదు. భర్త తల ఇంకొకడి మొండేనికి అతుక్కున్న మదనసుందరి కథలో, తల ఎవరిదైతే వాడే భర్త అని విక్రమార్కుడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. సోమదేవుడి కథలో ఆ రెండోవాడు స్నేహితుడు కాదు, ఆమె తోబుట్టువు. ఎంత చిక్కో ఆలోచించండి. ఆ ఒక్క వాక్యంతో తృప్తిపడనివాళ్ళు తొమ్మిది వందల ఏళ్ళ తరవాత కూడా పుట్టారు. థామస్ మన్ 1940లో జర్మన్‌లో దాన్ని చిన్న నవలగా మలిచాడు. గిరీశ్ కర్నాడ్ 1971లో కన్నడంలో 'హయవదన' నాటకం రాశాడు. ఇద్దరూ రెండోవాణ్ణి స్నేహితుణ్ణి చేశారు, ఇద్దరూ ఆ ఆడమనిషికి ఏం కావాలో అడిగారు. రాజు అడగని ప్రశ్న అది. చందమామ పాఠకులు ఆ పని ఇంట్లోనే చేశారు. జవాబు భాగాన్ని అరచేత్తో మూసి, అన్నదమ్ములు వాదించుకుని, ఆ తరవాత చెయ్యి తీసి చూసి, రాజు చెప్పింది తప్పని పోట్లాడుకున్న ఇళ్ళు చాలానే ఉంటాయి.

చిన్నప్పుడు ఇంకొక విషయంలో కూడా మన లెక్క తప్పింది. శవంలో ఉన్నవాడు చెడ్డవాడని, వాణ్ణి తెమ్మన్నవాడు మంచివాడని అనుకున్నాం. అసలు కథలో క్షాంతిశీలుడనే భిక్షువు పదేళ్ళ పాటు రోజూ సభకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి వెళ్ళేవాడు. ఒకనాడు కోతి ఆ పండు కొరికితే లోపల రత్నం బయటపడింది. ఏం కావాలని రాజు అడిగాడు. కృష్ణ చతుర్దశి రాత్రి శ్మశానానికి వచ్చి శవం మోసుకురమ్మన్నాడు. కాషాయం కట్టినవాడు, ఓపిక గలవాడు, పదేళ్ళు ఏమీ అడగనివాడు. అతను రాజును బలి ఇవ్వబోతున్నాడు. చెట్టుకు వేలాడే శవంలో ఉన్నవాడు ఆ సంగతి తెలిసి దారి పొడుగునా ఆపుతున్నాడు. రాజు వెనక్కి నడిచిన ప్రతిసారీ చావు ఒక కథంత దూరం జరిగింది. నెలకొక కథ వచ్చే చందమామలో ఈ వెనక కథ కనిపించేది కాదు. నువ్వు ఎవరి కోసం ఇంత కష్టపడుతున్నావని బేతాళుడు మొదట్లో అనే మాటలో మాత్రం దాని నీడ ఉండేది. ఆ పేరాను మేం దాటేసి చదివేవాళ్ళం.

ఈ ప్రయాణం ఎక్కడ ఆగుతుందో కూడా చాలామందికి తెలియదు. చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబు లేదు. తండ్రీ కొడుకులు అడవిలో వెళుతుంటే ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు కనబడతాయి. పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్ళాడాలని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీ కూతుళ్ళు, పెద్ద పాదాలు కూతురివి. మాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని పెళ్ళాడతారు. ఇద్దరికీ పిల్లలు పుడితే ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?

వరసలు కలపకుండా పక్కవాడితో రైల్లో కూడా ప్రయాణం చేయలేని తెలుగువాళ్ళకు ఇంతకంటే మంచి ప్రశ్న ఎవరూ వేయలేరు. కాస్త ప్రయత్నించి చూద్దాం. తండ్రికి పుట్టినవాడు కొడుక్కి తమ్ముడు. కాబట్టి ఆ కొడుకు పిల్లలకు బాబాయి. మరోపక్క, కొడుక్కి పుట్టినవాడు ఆ కూతురికి తల్లి వైపు తమ్ముడు. కాబట్టి ఆ కూతురి పిల్లలకు మేనమామ. ఒకడు రెండోవాడికి బాబాయి, ఆ రెండోవాడు మొదటివాడికి మేనమామ. ఇద్దరూ ఒకరికొకరు పెద్దే. ఇద్దరూ మగపిల్లలైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. తండ్రికి ఆడపిల్ల, కొడుక్కి మగపిల్లవాడు పుడితే గొడవ మొదలవుతుంది. అటునుంచి చూస్తే వాడు ఆమెకు మేనమామ, మన వైపు చాలా ఇళ్ళలో సంబంధం కలుపుకోదగ్గ వరసే. ఇటునుంచి చూస్తే ఆమె వాడికి మేనత్త, ఆ వరసలో పెళ్ళి మాటెత్తితే ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి. మా పెదనాన్నమ్మ లాంటి వరసల పండితురాలు కూడా విస్తరి ముందు నుంచి లేచిపోయే చిక్కు ఇది.

రాజు ఏమీ మాట్లాడకుండా నడిచాడు. ఇరవై సార్లకు పైగా నోరు జారినవాడు ఈసారి నిజంగా తెలియక ఊరుకున్నాడు. తల పగల్లేదు, శవం ఎగరలేదు. శాపంలోని షరతు ఇంతసేపూ ఇందుకోసమే కాచుకుని ఉంది. బేతాళుడికి ముచ్చటేసి భిక్షువు కుట్ర బయటపెట్టాడు. సాష్టాంగ నమస్కారం చేయమని అతనంటే, నేను రాజును, నాకు అలవాటు లేదు, నువ్వు చేసి చూపించు అను, అతను వంగగానే నరుకు అని ఉపాయం చెప్పాడు. అలాగే జరిగింది.

వరం కోరుకోమంటే రాజు రాజ్యం అడగలేదు. ఈ కథలు లోకంలో నిలిచిపోవాలని అడిగాడు. బేతాళుడు సరేనని ఇంకొకటి కలిపాడు. ఈ కథలు చదివేచోట, వినేచోట యక్షులకు గానీ రాక్షసులకు గానీ బేతాళులకు గానీ శక్తి ఉండదట. ఈ సంగతి చందమామలో నెలనెలా బొమ్మ కింద ఒక ముక్క వేసి ఉంటే రాత్రిపూట పెరట్లోకి తోడు కోసం అమ్మను లేపే పని మాలో చాలామందికి తప్పేది.